రెండు బెల్లులు కొట్టాక

ఫిబ్రవరి 3
పెట్రోలు బంకు వెనకాల ఖాళీ స్థలం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. అందరం కులాసా అని మొదలుపెడితే అబద్ధమవుతుంది కనక దెబ్బలాటతోనే మొదలుపెడుతున్నాను. ఫోన్లో అయితే నువ్వు ఠక్కున పెట్టేస్తావు, నేను మళ్ళీ చేస్తాను, నువ్వు మళ్ళీ పెట్టేస్తావు. మీరిద్దరూ ఉత్తరాలు రాసుకోండి, కాయితం మీద అరిస్తే పక్కింటికి వినపడదు అని అమ్మ ఊరికే అనలేదు.

ఇల్లుబండి లోపల నువ్వు చేసిన చెక్కపని చూసి దారిలో అందరూ మెచ్చుకుంటున్నారు. ఈ మాట ఒక్కసారే రాస్తాను. రెండోసారి రాస్తే నీ తల నీ కొట్టు తలుపులో పట్టదు. ఇక అసలు సంగతికొస్తే, మొదటి మలుపులోనే సొరుగులన్నీ కూడబలుక్కున్నట్టు బయటికొచ్చాయి. చెంచాలు నా ఒళ్ళో, గ్లాసులు మీ బావ వీపు మీద. మడతమంచం దించితే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే మంచం దిగదు. అంటే రాత్రి పడుకున్నాక బయటికి వెళ్ళాలంటే ఇద్దరం లేచి, మంచం మడిచి, వెళ్ళొచ్చి, మళ్ళీ వేసుకోవాలి. ఇల్లు ఇరకటం ఆలి మర్కటం అని మీ బావ రోజుకోసారి అంటున్నారు. ఇల్లు కట్టింది మీ బావమరిదే కదా అని నేనూ రోజుకోసారి అంటున్నాను.

ఆయనకి ఇంకా బస్సు నడుపుతున్నాననే భ్రమ పోలేదు. రిటైరయ్యామని మా ఇద్దరికీ ఒకేరోజు పూలదండలు వేసి పంపినా ఆయన కాలికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. బస్టాపు కనపడితే చాలు, కాలు బ్రేకు మీదికి పోతుంది. నిన్న అలా ఆగితే గొడుగు పట్టుకున్న ఒక పెద్దావిడ ఎక్కేసి మంచం మీద కూర్చుంది. దిగమని ఎలా అంటాం? ఆవిడ ఊరి దగ్గర దింపాం. టిక్కెట్టెంత అని అడిగితే నా చెయ్యి దానంతట అదే భుజం మీద లేని సంచీని వెతుక్కుంది.

ఇక చెకింగు. ఎగిరి గంతెయ్యకు. మన ఒప్పందం నాకు గుర్తుంది. మార్చి నెలాఖరులోగా వాడు ఈ బండిలో కుదురుకోకపోతే నీ దగ్గరికి పంపించెయ్యాలి, ఇక వాడు నీ కుక్కే. కుక్కకి ఇల్లు కావాలి గానీ చక్రాలు కాదని నువ్వు వాదించావు. డిపోలో పాత టైర్ల మధ్య పుట్టి, ఒక చెవి వేలాడేసుకుని మా బస్సులో డ్రైవరు సీటు కింద పెరిగి, ఎక్కిన ప్రతివాడి కాళ్ళూ వాసన చూసి ఆ పేరు తెచ్చుకున్నవాడికి చక్రాలు పడకపోవడమేమిటని నేను వాదించాను. ఇప్పటికైతే నీదే పైచెయ్యిగా ఉంది. బండి కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా వాడు నిలబడే ఉంటున్నాడు. మంచం కింద నువ్వు వాడి కోసం చేసిన గూట్లోకి తొంగి కూడా చూడడు. నిలబడీ నిలబడీ సాయంత్రానికి కాళ్ళు వణుకుతున్నాయి. చూడలేకపోతున్నాను.

ఇంకొకటి. వాడి మెడకి నువ్వు కట్టిన చెక్కబిళ్ళ మీద నీ అడ్రసు చెక్కావు. ఇప్పుడే నీ కుక్క అయిపోయాడా? అది ఊడదీసి చాకుల సొరుగు అడుగున పడేశాను.

జవాబు జంక్షను ఊరి పెద్ద పోస్టాఫీసుకి రాయి. కవరు మీద ‘వచ్చి తీసుకుంటారు’ అని రాస్తే దాచి ఉంచుతారట.

ఒళ్ళో చెంచాలు ఏరుకుంటూ,
మీ అక్క


ఫిబ్రవరి 12
కొట్టు

అక్కా,

నమస్కారం. ఆడలేక మద్దెల ఓడు అన్నారట. సొరుగు మూసేటప్పుడు చివర్లో కొంచెం పైకెత్తి వదిలితే గాడిలో పడుతుంది, భూకంపం వచ్చినా రాదు. ఇది నీకు రెండుసార్లు చూపించాను. రెండుసార్లూ నువ్వు కర్టెన్ల రంగు గురించి మాట్లాడుతున్నావు. మంచం సంగతి మాత్రం నా తప్పే. కొలతలు తీసినప్పుడు తలుపు ఇంకా బిగించలేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండోది తప్పించుకున్నాను కదా అనుకుంటే మొదటిది నీ బండి రూపంలో వచ్చింది.

బిళ్ళ మీద నా అడ్రసు కాక ఎవరి అడ్రసు చెక్కమంటావు? ఉన్న ఇల్లు ఖాళీ చేసి సామానంతా నా అటక మీద పెట్టి పోయావు. ‘రోడ్డు మీద, ఎక్కడో ఒకచోట’ అని చెక్కనా? కుక్క మీద పెత్తనం కోసం చెక్కలేదు. సొరుగులోంచి తీసి మళ్ళీ కట్టు.

ఇక్కడ కొత్తేమీ లేదు. నేనూ, రంపమూ, రేడియో. ఒక బడికి బెంచీలు చేస్తున్నాను. టిక్కెట్టులేని బాబాయి వచ్చి వారం రోజులుండి మొన్ననే వెళ్ళాడు. నీ బస్సెక్కి నువ్వు దగ్గరికి రాగానే నిద్ర నటించే మనిషి ఇప్పుడు పక్క డిపో బస్సుల్లో కూడా అదే నటిస్తున్నాడు. ఎడమ చెవి బొత్తిగా వినపడటం లేదు. టిక్కెట్టు అన్న మాట మటుకు రెండు చెవులకీ వినపడదు.

నీ ఉత్తరం చదివాక చిత్రిక పడుతూ మూడు రోజులు ఆలోచించాను. చెకింగు ఎందుకు నిలబడుతోంది? మీ బస్సులో నేను వందసార్లు చూశాను. నువ్వు రెండు బెల్లులు కొట్టగానే చుట్ట చుట్టుకుని పడుకునేది. ఒక బెల్లు కొట్టగానే లేచి తలుపు దగ్గరికొచ్చేది. మీ ఇల్లుబండిలో బెల్లేదీ? దాని లెక్కలో ఆ బండి ఇంకా బయల్దేరనే లేదు. బయల్దేరని బస్సులో ఎవరు పడుకుంటారు?

పాత ఇనపసామాను కొట్టుకి వెళ్ళి ఒక బస్సు బెల్లు పట్టుకొచ్చాను. తాడుతో సహా పార్సిలు చేస్తున్నాను. డ్రైవరు తలకి జానెడు వెనక బిగించండి. మరమేకులు అందులోనే ఉన్నాయి.

పందెం ఓడిపోవడానికి కావలసిన సరంజామా అంతా నా చేత్తో నేనే పంపుతున్నాను. ఇంతకన్నా తెలివితక్కువవాణ్ణి నువ్వు చూసి ఉండవు.

పొట్టులో కూర్చుని,
తమ్ముడు


ఫిబ్రవరి 22
జంక్షను ఊరు

బంగారు తమ్ముడూ,

నీ చేతులకి దండం పెట్టాలి. బెల్లు బిగించి, వెనక నిలబడి తాడు పట్టుకుని రెండు కొట్టాను. మీ బావ గేరు వేశారు. చెకింగు నా వైపు ఒకసారి, బెల్లు వైపు ఒకసారి చూసి, పెద్ద నిట్టూర్పు ఒకటి విడిచి, తిన్నగా గూట్లోకి వెళ్ళి చుట్ట చుట్టుకున్నాడు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. పెద్దదాన్ని, బెల్లుతాడు పట్టుకుని ఏడ్చానంటే నవ్విపోతావు గానీ ఏడ్చాను.

కుదురుకున్నది వాడొక్కడే కాదు. మీ బావ బస్టాపుల్లో ఆగడం మానేశారు. బెల్లు లేదు కనక ఆగాలో వద్దో తెలియక అన్నిచోట్లా ఆగుతున్నారట. ముందే చెప్పొచ్చు కదా అంటే, అడగలేదు కదా అన్నారు. మళ్ళీ మునపటి పద్ధతే. ఒకటి కొడితే ఆగుతారు, రెండు కొడితే పోతారు. రెండు కొట్టాక ఇక వెనక్కి చూడరు. లోపల ఎవరున్నారు, ఎవరు దిగారు అన్నది కండక్టరు పూచీ, రోడ్డు డ్రైవరు పూచీ అంటారు. పెళ్ళప్పుడు కూడా పూజారి గంట రెండుసార్లు కొడితే లేచి నడవబోయారని నువ్వే అందరికీ కథ అల్లి చెప్పేవాడివి.

సొరుగులు ఎత్తి వదులుతున్నాను. పడుతున్నాయి. ఇంకేమీ అనకు.

బండి ఇప్పుడు ఇల్లులా ఉంది. గ్లాసులకి కొక్కేలు పెట్టాను. వెనక కిటికీకి పసుపుపచ్చ కర్టెను, గూటికి పొట్టి కర్టెను కుట్టాను. చెకింగు ముక్కుతో అది తోసుకుని లోపలికి వెళితే మళ్ళీ దానంతట అదే మూసుకుంటుంది. పొద్దున్నే తలుపు తెరిచి మెట్టు మీద కూర్చుని టీ తాగుతుంటే రోజుకో కొత్త వాకిలి. నిన్న చెరువు, ఇవాళ ఇటుకబట్టీ. ముప్ఫై ఏళ్ళు ఒకే రూటులో తిరిగాం, ప్రతి గుంతా తెలుసు. ఇప్పుడు ముందు ఏముందో తెలియకుండా పోతుంటే చిన్నపిల్లలా ఉంది.

నెలాఖరు దాకా ఆగక్కర్లేదు, నువ్వు ఓడిపోయావు. చెకింగు మాతోనే ఉంటాడు. నీకు మాత్రం ఈ బండిలో ఎప్పుడైనా ఉచిత ప్రయాణమే, బాబాయితో సమానంగా.

గెలిచిన
మీ అక్క


మార్చి 3
ఏటి ఒడ్డు, వంతెన దగ్గర

తమ్ముడికి,

దీవెనలు. అందరం బాగున్నాం. మీ బావ బాగున్నారు. చెకింగు బాగున్నాడు. బాగా తింటున్నాడు. బాగా నిద్రపోతున్నాడు. బండిలో హాయిగా ఉన్నాడు.

కొన్నాళ్ళు ఇక్కడే ఉందామనుకుంటున్నాం. మీ బావకి ఏటిగాలి పడింది. పొద్దున్నా సాయంత్రం బస్టాపు దాకా నడిచొస్తున్నారు. రోజూ పోస్టాఫీసుకి కూడా వెళ్ళి, మా బావమరిది దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా అని అడుగుతున్నారు. నీ మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందో నాకు తెలీదు. ఉత్తరాలు ఈ ఊరి పోస్టాఫీసుకే రాయి.

చెకింగు బాగున్నాడు.

మీ అక్క


మార్చి 9
కొట్టు

అక్కా,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. దెబ్బలాట లేదు, వెక్కిరింపు లేదు. నీ ఉత్తరమేనా అని చేతిరాత కూడా చూసుకున్నాను.

అక్కా, ఏం విరిగింది? దాచకు. పోయే బండి ఒకేచోట వారం రోజులు ఆగిందంటే ఊరికే కాదు. మంచం బందులు ఊడాయా? నాకు మొదట్నుంచీ ఆ బందుల మీద అనుమానమే. బరువుకి ఆగవేమోనని రాత్రిళ్ళు నిద్రలో కూడా అవే బిగిస్తున్నాను. మంచం విరిగి బావ నడుం పట్టేసిందా? అందుకేనా పొద్దున్నా సాయంత్రం నడవమన్నారు? నా పని పాడైతే నాకు చెప్పాలి గానీ, తమ్ముడు బాధపడతాడని గాలి బాగుందని రాస్తావా? ఇన్నేళ్ళలో నేను చేసిన కుర్చీ ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. సొంత అక్కకి చేసిందే విరిగిందంటే ఉలి కిందపెట్టెయ్యాలనిపిస్తోంది. బెంచీలు అప్పజెప్పగానే పనిముట్లు పట్టుకుని బయల్దేరతాను.

తమ్ముడు

సాయంత్రం రాస్తున్నది: ఈ కవరు అంటించబోతుండగా ఒక చుట్టం బస్సు దిగాడు. టిక్కెట్టు కొన్నట్టు లేడు. ఎవరో నేను చెప్పను, నీకు బాగా తెలిసినాయనే. తలుపు తీస్తే పలకరింపైనా లేకుండా లోపలికొచ్చి, కాళ్ళు తుడుచుకోకుండా ఇల్లంతా తిరిగి, రెండు పూటల తిండి ఒక్క పూటలో తినేసి, పనిబల్ల కింద పొట్టులో పడుకుని గుర్రు పెడుతున్నాడు. ఆ ఒక చెవి సంగతి మామూలే. ఆయన్ని చూశాక నాకు కొన్ని విషయాలు అర్థమయ్యాయి. కొన్ని కాలేదు. పైన రాసిన బందుల గొడవ కొట్టేద్దామనుకున్నాను గానీ ఉండనీ, ఎంత బెంగపెట్టుకున్నానో నీకూ తెలియాలి. ఇప్పుడు నువ్వు రాయి. చెకింగు ఎలా ఉంది? బాగున్నాడు అని రాస్తే ఊరుకోను. నిజం రాయి.


మార్చి 15
ఏటి ఒడ్డు

తమ్ముడూ,

నెల తిరక్కుండా బాబాయి మళ్ళీ దిగాడా? అయితే మాత్రం, పెద్దాయన్ని బల్ల కింద పొట్టులో పడుకోబెడతావా! మంచం వెయ్యి. ముందు స్నానం చెయ్యమను. కాళ్ళు తుడుచుకోడు, నిజమే, పిన్ని పోయేదాకా అదే పోరు పెట్టేది. చెప్పాల్సింది కుడిచెవి వైపు చెప్పు. ఒకటే పూట అంత తింటే ఆ వయసులో అరగదు, కొంచెం కొంచెంగా పెట్టు. వెళ్ళేటప్పుడు టిక్కెట్టు నువ్వే కొని చేతిలో పెట్టు.

ఇక నువ్వడిగినది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నీ ఉత్తరం పట్టుకుని గంటసేపు మెట్టు మీద కూర్చున్నాను. ఇంకో అబద్ధం రాద్దామని కలం తీశాను కూడా. కానీ నువ్వు నీ చెక్కపనిని నిందించుకున్నావు, అది నేను భరించలేను. నీ మంచం రాయిలా ఉంది. నీ బందులు మా తర్వాత కూడా ఉంటాయి. పాడైంది నీ పని కాదు, నా పని.

చెకింగు లేడు. తప్పిపోయాడు.

వంతెన దగ్గర టీ కొట్టు ఉంది. అక్కడ ఆగి టీ తాగాం. నేను వెనక తలుపు తెరిచి బిందెలో నీళ్ళు పట్టుకున్నాను. వాడు ఎప్పుడు దిగాడో చూడలేదు. లోపలికొచ్చి చూస్తే గూటి కర్టెను మూసి ఉంది, లోపల పడుకున్నాడనుకున్నాను. మామూలుగానే మనుషుల్ని లెక్కపెట్టాను. సీట్లలో ఉన్నవాళ్ళని లెక్కపెట్టడమే నాకొచ్చు, సీట్ల కింద ఉన్నవాళ్ళని కాదు. ఇద్దరం. సరిపోయింది. రెండు బెల్లులు కొట్టాను. మీ బావ పోనిచ్చారు. రెండు కొట్టాక ఆయన వెనక్కి చూడరని నీకు తెలుసు.

తర్వాతి ఊళ్ళో ఒక బెల్లు కొడితే గూట్లోంచి రావలసినవాడు రాలేదు. కర్టెను ఎత్తి చూశాను. వెనక్కి తిరిగి వచ్చేసరికి వంతెన దగ్గర ఎవరూ లేరు, టీ కొట్టు కూడా మూసేశారు. అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాం. మీ బావ బస్టాపులో వచ్చే పోయే ప్రతి డ్రైవరునీ అడుగుతున్నారు. నేను ఏటి వెంబడి తిరుగుతున్నాను, పిలిచి పిలిచి గొంతు పోయింది. నిన్న ఆ చివర పేటలో నల్లకుక్క ఉందంటే పరిగెత్తాను. అది కుక్క కాదు, మేక.

మెడలో బిళ్ళ అయినా లేదు. నా పంతానికి పోయి చాకుల సొరుగులో పడేశాను. ఆ సొరుగు తెరవడానికి చెయ్యి రావడం లేదు, రొట్టె కూడా చేత్తోనే తుంచుకుంటున్నాం. ముప్ఫై ఏళ్ళలో ఒక్క ప్రయాణికుణ్ణి వదిలేసి బెల్లు కొట్టలేదురా. సొంతవాణ్ణి వదిలేశాను. ఆ రెండు బెల్లులూ వాడికి వినపడే ఉంటాయి. అదే గుర్తొస్తోంది.

పందెం నువ్వే గెలిచావు. వాడు ఎక్కడైనా దొరికితే నీ దగ్గరే ఉంచుకో, నేను అడగను. మీ బావ ఈ బండి అమ్మేద్దామంటున్నారు. నాకూ వేరే మాట తోచడం లేదు.

మీ అక్క


మార్చి 19
కొట్టు

పిచ్చి అక్కా,

బాబాయి కాదు! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేను ఇంత వర్ణించి వర్ణించి రాస్తే ఆయనకి స్నానం చెయ్యమంటావా? నీ ఉత్తరం ఆయనకే చదివి వినిపించాను. స్నానం అన్న మాట దగ్గర లేచి బల్ల కిందికి దూరాడు.

చెకింగు ఇక్కడ ఉన్నాడు. బాగున్నాడు. ఈసారి ఆ మాట నిజం.

వచ్చిన బస్సు కండక్టరు చెప్పిన కథ ఇది. వంతెన అవతలి స్టాపులో ఒక దూరపు బస్సు ఆగితే వీడు వరసలో నిలబడి ఎక్కాడట. అందరి కాళ్ళూ వాసన చూసి, రెండు బెల్లులు కొట్టగానే డ్రైవరు సీటు కింద పడుకున్నాడట. ఆ బస్సు ఆ ఒక్కరోజే దారి మళ్ళి అటు పోయిందట, అందుకే బావకి వాళ్ళు తగల్లేదు. మధ్య డిపోలో కాపలావాడు వారం రోజులు తన భోజనంలోంచే పెట్టి, మెడలో అడ్రసు చూసి, ఇటు వచ్చే బస్సు ఎక్కించాడు. మొత్తం రెండు బస్సులు మారి వచ్చాడు. బాబాయి కన్నా నయం, నిద్ర నటించలేదు, నిజంగానే పోయాడు.

అడ్రసు ఎక్కడిది అంటావా? చాకుల సొరుగు తెరిచి చూడు. బిళ్ళ ఉండదు. నువ్వు ఊడదీసిన రాత్రే బావ మళ్ళీ కట్టినట్టున్నారు. బస్సు టాపు మీద సామాను కట్టే ముడి అది, ఆయన తప్ప ఇంకెవరూ వెయ్యలేరు. బొచ్చులోకి దోపి మరీ కట్టారు, నీ కంట పడకుండా. ఆయన రోజూ పోస్టాఫీసుకి వెళ్ళింది నా మీద ప్రేమతో కాదు. నీతో చెబితే ఆశ పెట్టుకుంటావని నోరు విప్పలేదేమో. లేకపోతే నీకు భయపడ్డారేమో. రెండోదే అని నా నమ్మకం.

ఇప్పుడు నా సంగతి. నువ్వు మొహమాటం లేకుండా రాశావు కనక నేనూ రాస్తాను. వీణ్ణి ఉంచేసుకోవాలని ఉంది. వాడు దిగిన రాత్రి పొట్టులో పడుకున్న చప్పుడు వింటూ నేను రేడియో పెట్టడం మర్చిపోయాను. పొద్దున్నే చిత్రిక పడుతూ ఒక మాట అంటే వినడానికి ఎవరో ఒకరుండటం ఎంత బాగుందో నీకు తెలియదు, నీకు బావ ఉన్నారు. ఉత్తరం వచ్చాక చూద్దాంలే, పందెం ఎటూ నాదే అనుకున్నాను. నీ ఉత్తరంలో కూడా అదే ఉంది.

కానీ రోజూ సాయంత్రం మా వీధి చివర బస్సు ఆగుతుంది. ఒక బెల్లు వినపడగానే వీడు లేచి గుమ్మంలోకి వెళ్ళి నిలబడతాడు. దిగేవాళ్ళనందర్నీ చూస్తాడు. రెండు బెల్లులు కొట్టి బస్సు పోయాక వచ్చి పడుకోవాలి కదా? పడుకోడు. నిలబడే ఉంటాడు. నేను గూడు చేశాను, పాత దుప్పటి వేశాను, బతిమాలాను. వాడి లెక్కలో నా ఇల్లు ఇంకా బయల్దేరలేదు, ఎప్పటికీ బయల్దేరదు. పందెం, వాడు బండిలో కుదురుకుంటాడా లేదా అన్నదాని మీద. కుదురుకున్నాడు. తప్పిపోయింది వాడు కాదు, మీరు. కనక పందెం నేనే ఓడిపోయాను.

బండి అమ్మొద్దు. అక్కణ్ణుంచి కదలొద్దు. బెంచీలు అప్పజెప్పి శనివారం బస్సుకి వస్తున్నాం. నేను టిక్కెట్టు కొంటాను, వాడి సంగతి వాడిష్టం. మంచం బందులు కూడా ఒకసారి చూస్తాను, అడ్డు చెప్పకు.

తమ్ముడు


ఏప్రిల్ 2
కొండ కింది మైదానం

తమ్ముడూ,

దీవెనలు. ఇంటికి చేరి ఉంటావు. నువ్వు మాతో ఉన్న నాలుగు రోజులూ కింద చాప మీద పడుకున్నావు, నీ కాళ్ళు తలుపు బయట ఉన్నాయి. రాత్రి నేను వాటిని రెండుసార్లు తొక్కాను. తెలిసే తొక్కానని నువ్వన్నది అబద్ధం. ఒకసారి తెలిసే తొక్కాను.

శనివారం బస్సు ఆగినప్పుడు నేను చూసినది చూసినట్టు రాసిపెట్టుకోవాలని ఉంది. ముందు ఒక బెల్లు. తలుపులోంచి ముందు వాడి ముక్కు, తర్వాత నీ పనిముట్ల సంచీ, తర్వాత నువ్వు. వాడు నా కాళ్ళు వాసన చూశాడు, మీ బావ కాళ్ళు వాసన చూశాడు, అన్నీ సరిగా ఉన్నాయనుకుని నేరుగా బండెక్కి గూట్లోకి పోయాడు. మీ బావ కళ్ళజోడు తుడుచుకోవడానికి అవతలికి వెళ్ళారు. కళ్ళజోడు జేబులో ఉంది.

మంచం మడిచే పనిలేకుండా తలుపు పక్కకి జరిగేలా మార్చావు. ఇన్నాళ్ళూ బయటికి వెళ్ళాలంటే ఇద్దరం లేచేవాళ్ళం కదా, అలవాటై ఇప్పుడు ఒకరు లేస్తే రెండోవాళ్ళకి కూడా మెలకువ వస్తోంది. దీనికేమైనా మందుందా?

ఇప్పుడు నువ్వు వెళ్ళిన రోజు సంగతి. నిన్ను బస్టాండులో దింపి, నీకు చెయ్యి ఊపి, లోపల లెక్కపెట్టాను. గూట్లోకి వంగి చూసి మరీ లెక్కపెట్టాను. ముగ్గురం. రెండు బెల్లులు కొట్టాను. మీ బావ పోనిచ్చారు. చెకింగు పడుకోలేదు. వెనక కిటికీ దగ్గరికెళ్ళి, కర్టెను తోసి, నిలబడ్డాడు. మలుపు తిరిగేదాకా నిలబడే ఉన్నాడు. నేనేమీ కొట్టలేదు, బండి దానంతట అదే నెమ్మదించింది. తలెత్తి చూస్తే మీ బావ వెనక్కి చూస్తున్నారు. రెండు బెల్లులు కొట్టాక! ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. ఏమిటని అడిగాను.

“మీ తమ్ముడు ఎక్కలేదు” అన్నారు.

ఎక్కడికి ఎక్కుతాడండీ, వాడి కొట్టు, వాడి పని అన్నాను. ఉలికి కాళ్ళున్నాయా, సంచీలో పట్టదా అన్నారు. దారి పొడుగునా ఊళ్ళలో విరిగిన కుర్చీలు, మూతపడని తలుపులు లేవా అన్నారు. ఇంత పొడుగు మాట ఆయన పెళ్ళిచూపుల్లో కూడా మాట్లాడలేదు. వెనక్కి వచ్చేసరికి నీ బస్సు వెళ్ళిపోయింది.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, నువ్వు నీ ఇంట్లో నిలబడి ఉంటావని నా భయం. నువ్వు చెకింగు గురించి రాసినదంతా నీ గురించి కూడా అనిపించింది. కోపమొస్తే రానీ. ఎదురుగోడకి, కిటికీ కింద, ఇంకో మడతమంచం పడుతుందని మీ బావ జానతో కొలిచి చూశారు. నీకు సరిపోతుందో లేదో తెలియదు.

గూట్లోకి వంగీ వంగీ నడుం పట్టేసిన
మీ అక్క


ఏప్రిల్ 8
కొట్టు

అక్కా,

నమస్కారం. కోపం వచ్చింది. రెండు రోజులు ఉంది. తర్వాత సాయంత్రం బస్సు ఆగి, ఒక బెల్లు వినపడితే, నేను గుమ్మంలోకి వెళ్ళి నిలబడి ఉన్నానని చూసుకున్నాను.

జానతో మంచం కొలిచేవాళ్ళని ఏమనాలి? బావ జాన ఎంతో నాకేం తెలుసు? టేపుతో కొలిచి పంపండి. కిటికీ కింద నుంచి నేల దాకా, అటు గోడ నుంచి ఇటు గోడ దాకా. నా పొడుగు నీకు తెలుసు, కాళ్ళు తలుపు బయట పెట్టుకుని పడుకునే వయసు కాదు నాది. బందులు మంచివి కొన్నాను. పలకలు చిత్రిక పట్టడం మొదలుపెట్టాను. కొట్టు తాళం పక్కింటివాళ్ళకి ఇస్తాను, వానలు మొదలయ్యేదాకా వాళ్ళే చూసుకుంటారు. బాబాయి వస్తే నేను లేనని చెప్పమన్నాను. ఎడమ చెవి వైపు చెప్పకండి అని కూడా చెప్పాను.

మంగళవారం బస్సుకి వస్తున్నాను. ఈసారి కాళ్ళు తొక్కితే ఊరుకోను.

ఇంకొక్క మాట, కండక్టరు గారూ. తాడు పట్టుకునే ముందు సరిగ్గా లెక్కపెట్టండి. నలుగురం.

తమ్ముడు